సగం రోజులో అడవి చుట్టి జలపాతం చూసి రావాలి: విశాఖలో దారి చెప్పండి

పాతపోస్టాఫీసు వాసి | సెప్టెంబరు 6, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఇప్పుడు అవసరం పడింది.

మా అబ్బాయికి పదకొండేళ్లు. ‘నేను చూసిన జలపాతం’ అని బడిలో వ్యాసం రాయమన్నారట. వాడు ఒక్కటీ చూడలేదు. సముద్రం గురించి అయితే పది పేజీలు రాస్తానని ఏడుపు. విశాఖలో ఉండి పిల్లవాడికి ఒక్క జలపాతం చూపించలేదా అని మా అమ్మ నాకు గడ్డి పెట్టింది. ఇప్పుడు ఆవిడా వస్తానంటోంది. అరవై మూడేళ్లు. మెట్లు బాగానే ఎక్కుతుంది, దిగేటప్పుడే ఎడమ మోకాలు పట్టేస్తుంది.

కారు లేదు. బస్సు, రైలు, ఆటో ఏదైనా సరే. ఉదయం బయలుదేరి మధ్యాహ్నం భోజనం వేళకు ఇల్లు చేరాలి. ఇంకో షరతు మావాడిది: వెళ్లిన దారిన వెనక్కి రాకూడదట, చుట్టి రావాలట. చూసిందే మళ్లీ ఎందుకు చూడాలి అంటాడు. ఇలాంటి దారి అసలు ఉందా?

గెడ్డదాటు | సెప్టెంబరు 6, రాత్రి 10.15

కటికి జలపాతం. ఇంకో ఆలోచన పెట్టుకోకండి.

ఉదయం ఏడు కాకముందే కిరండూల్ ప్యాసింజర్ ఉంటుంది. బొర్రా గుహలు స్టేషన్‌లో దిగండి. కొత్తవలస–కిరండూల్ మార్గంలో 58 సొరంగాలు. లెక్కపెట్టే పని మీవాడికి అప్పగిస్తే దారంతా నోరెత్తడు. స్టేషన్ నుంచి కొంత దూరం జీపు, ఆ తర్వాత నడక. అది గోస్తనీ నీరు. ఈ నెలలో అయితే మనిషికి కనిపించకముందే చెవికి వినిపిస్తుంది. దారిలో బొంగులో చికెన్ కాలుస్తుంటారు, ఆ వాసనకే ఆకలి పుడుతుంది. వెళ్లేటప్పుడు జీపు బాట, వచ్చేటప్పుడు ఊళ్ల మధ్య కాలిబాట. మీవాడి చుట్టు కూడా తీరిపోతుంది.

జీపు ఎక్కకముందే రానూ పోనూ కలిపి బేరం తేల్చుకోండి. పోయినేడు నాకు వెళ్లేటప్పుడు ఒక రేటు చెప్పారు. వాన మొదలయ్యాక తిరుగు ప్రయాణానికి దాన్ని రెట్టింపు చేశారు. తడుస్తూ బేరమాడే ఓపిక ఎవరికి ఉంటుంది? ఇచ్చాను. పట్టాల మీద నడిస్తే దగ్గరదారి అని ఎవరైనా చెబితే మాత్రం వినకండి. మలుపులో రైలు వచ్చే దాకా కనిపించదు.

పాతపోస్టాఫీసు వాసి | సెప్టెంబరు 6, రాత్రి 10.31

చదువుతుంటేనే వెళ్లాలనిపిస్తోంది. కానీ తొంభై కిలోమీటర్లు పోయి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి ఎలా చేరతాం? సెలవుల్లో చూస్తాను.

ఉక్కునగరం పెద్దాయన | సెప్టెంబరు 7, ఉదయం 5.20

బాబూ, ఊళ్లో ధార పెట్టుకుని బొర్రా దాకా పరుగెందుకు?

సింహాచలం కొండకు రెండు వైపులా నీరుంది. ఉత్తరం వైపు అప్పన్న సన్నిధిలో గంగధార. దక్షిణం వైపు, అంటే మన ఊరి వైపు, మాధవధార. రెంటికీ మధ్య కొండ మీదుగా మెట్ల దారి, కాలిబాట ఉన్నాయి. మా నాయనమ్మ మర్రిపాలెం నుంచి ఆ దారినే అప్పన్న దర్శనానికి వెళ్లేది. బస్సు డబ్బులు మిగులుతాయని పైకి చెప్పేది. మిగిల్చిన డబ్బులతో సంపెంగలు కొనుక్కునేది, పైగా ఆ నడకంటే ఆవిడకు ఇష్టం. చెయ్యి పట్టుకుని నన్నూ తీసుకెళ్లేది. పైకి వెళ్లాక పనస తొనలు కొనిపెడతానని ఆశపెట్టి ఎక్కించేది. కాలం కాని కాలంలో కూడా అదే మాట చెప్పేదని నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.

మాధవధార దగ్గర మొదలుపెట్టి ధార చూసి కొండ దాటండి. గుడి దగ్గర దిగి దర్శనం చేసుకుని, మెట్ల దారిలో అడవివరం చేరండి. అక్కడి నుంచి గోపాలపట్నం, ఎన్ఏడీ మీదుగా సిటీ బస్సులో ఇంటికి. పన్నెండున్నరకు కంచం ముందు ఉంటారు.

గెడ్డదాటు | సెప్టెంబరు 7, ఉదయం 8.02

పెద్దాయన గారూ, మన్నించాలి. మాధవధార జలపాతమా? మా మేడ మీద ట్యాంకు నిండి పొర్లినప్పుడు అంతకంటే ఎక్కువ పడుతుంది. పిల్లవాడు వ్యాసంలో ఏం రాయాలి, ‘నేను చూసిన కొళాయి’ అనా?

ఉక్కునగరం పెద్దాయన | సెప్టెంబరు 7, ఉదయం 8.10

మీ ట్యాంకు మే నెలలో పొర్లుతుందా నాయనా? ఆ ధార పడుతుంది.

రాతిముక్క | సెప్టెంబరు 7, ఉదయం 9.45

పోట్లాట బాగుంది కాబట్టి నేనూ ఒక రాయి వేస్తాను. వృత్తి అదే, భూగర్భశాస్త్రం పాఠాలు చెప్పుకుంటాను.

జలపాతం బడి పుస్తకం మాట. ఉత్తరాంధ్రలో కొండ దిగి వచ్చే ఏరును గెడ్డ అంటారు. వాక అన్నా ఏరే. రాతిలోంచి సన్నగా, తెగకుండా పడేది ధార. రోజూ ఎక్కి దిగే బస్సు బోర్డులు చూడండి: సీతమ్మధార, మాధవధార, హనుమంతవాక, మేహాద్రి గెడ్డ. సగం ఊరు నీటి పేర్ల మీదే నిలబడి ఉంది, మనం మాత్రం వాటిని స్టాపులనుకుంటున్నాం.

ఇక గెడ్డకూ ధారకూ తేడా. మన కొండలు ఎక్కువగా ఖొండలైట్ అనే రాయి. తూర్పు కనుమల్లోని ఖోండు గిరిజనుల పేరు మీద ఆ పేరు వచ్చింది. ఎండకూ వానకూ ఇది లోపలి దాకా మెత్తబడి ఎర్రమట్టి అవుతుంది. పగుళ్లు ఎక్కువ. వాన నీరు స్పాంజిలోకి ఇంకినట్టు ఇంకుతుంది. లోపల ఎక్కడో గట్టి రాయి అడ్డం తగిలితే పక్కకు జారి కొండ వాలులో బయటపడుతుంది. అదే ధార. వాన వెలిసిన కొన్ని గంటలకే గెడ్డ పొంగు దిగిపోతుంది, ధార మాత్రం కొండ కడుపులో దాచుకున్న నీటిని నెలల తరబడి కొంచెం కొంచెంగా వదులుతుంది. హోరు కావాలంటే కటికి వెళ్లండి. ఈ నీరు ఎక్కడి నుంచి వస్తోందని పిల్లవాడు అడగాలంటే మాధవధార చాలు.

మీవాడికి ఒక పని చెప్పండి. దారిలో విరిగిపడ్డ రాయి తీసి ఎండలో తిప్పి చూడమనండి. గోధుమ రంగు రాతిలో ఎర్రటి గింజలు మెరుస్తాయి. అవి గార్నెట్లు. బీచ్‌లో అల వెనక్కి వెళ్లాక ఇసుక మీద ముదురు ఎరుపు, నలుపు చారలు మిగులుతాయి కదా, అందులోనూ ఉండేవి ఇవే. కొండ అరిగి అరిగి సముద్రానికి చేరిన సరుకు అది.

పొన్నంగి | సెప్టెంబరు 7, మధ్యాహ్నం 2.20

ఇక్కడ ఎవరూ జంతువుల ఊసెత్తలేదు, నేనే ఎత్తుతాను.

కొండకు ఈశాన్యంగా కంబాలకొండ అభయారణ్యం ఉంది. 2002లో ప్రకటించారు, దాదాపు 71 చదరపు కిలోమీటర్లు. అంతకుముందు, 1970 వరకు, విజయనగరం రాజుల ఆధీనంలోని అడవి. అక్కడ చిరుతలున్నాయి. మధ్యలో రోడ్డు ఉందని అవి ఆగవు. చిరుత కనబడుతుందని చెప్పడం లేదు. ఇరవై ఏళ్లుగా పిట్టల కోసం తిరుగుతున్నాను, పాదముద్రలు చూశాను కానీ పిల్లిని చూడలేదు. అయినా చీకటితో బయలుదేరవద్దు, సాయంత్రం దాకా ఉండవద్దు, పిల్లవాణ్ణి ముందు పరుగెత్తనివ్వవద్దు. పెద్దవాళ్ల మధ్యలో నడిపించండి.

ఫోనులో పాటలు పెట్టుకుని నడిచేవాళ్లకు ఒక మాట. అడవికి మీ పాట అక్కర్లేదు. పొన్నంగి పిట్ట పలికిందంటే ఆగి వినండి, అది రెండే స్వరాలు పలుకుతుంది.

కంబాలకొండలోనూ నడిచే దారులున్నాయి. జాతీయ రహదారి పక్కనే ఎకో పార్కు, టికెట్టు తీసుకోవాలి. లోపలి దారులకు అటవీ సిబ్బంది తోడు లేకుండా వెళ్లకూడదు. చుట్టి వచ్చే దారి అయితే అక్కడ దొరుకుతుంది, నీరు పడే చోటు మాత్రం వానల తర్వాత కొద్ది రోజులే.

పాతపోస్టాఫీసు వాసి | సెప్టెంబరు 7, రాత్రి 8.50

ఓటు మాధవధారకే. అప్పన్న దర్శనం మాట వినగానే అమ్మ మోకాలు కూడా బాగుపడింది. మూడు సందేహాలు.

మావాడు అడుగుతున్నాడు: మధ్యలో బస్సెక్కితే చుట్టినట్టా? రెండోది, అడవిలో నడవడానికి పొట్టి నిక్కరు, గుడికేమో పంచె. రెండూ ఎలా కుదురుతాయి? మూడోది, ఆ దారి ఇప్పుడు ఎలా ఉంది? అన్నీ చిన్నప్పటి సంగతులే చెబుతున్నారు. ఈ ఏడాది నడిచినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ఉక్కునగరం పెద్దాయన | సెప్టెంబరు 8, ఉదయం 5.05

బస్సెక్కకుండా చుట్టాలంటే దానికీ ఒక రోజుంది. ఆషాఢ పౌర్ణమికి ముందు రోజు గిరి ప్రదక్షిణ. కొండ కింద తొలిపావంచా, అంటే మొదటి మెట్టు, దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరి, హనుమంతవాక, అప్పూఘర్, వెంకోజీపాలెం, సీతమ్మధార, కైలాసపురం, మాధవధార, ఎన్ఏడీ, గోపాలపట్నం మీదుగా మళ్లీ కొండ కిందికి. 32 కిలోమీటర్లు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ రాత్రి డ్యూటీ మార్చుకుని మరీ నడిచాను. అప్పూఘర్ దగ్గర సముద్ర స్నానం చేసి తడి బట్టలతో నడిస్తే తొడలు ఒరుసుకుంటాయి. అందుకే కొబ్బరి నూనె సీసా జేబులో ఉండేది. దారి పొడవునా మజ్జిగ, పులిహోర, పండ్లు. వద్దన్నా చేతిలో పెడతారు.

మీవాడికి చెప్పండి, ముందు అడ్డంగా దాటితే తర్వాత నిలువునా చుట్టవచ్చు అని.

మాధవధార మెట్లు | సెప్టెంబరు 8, రాత్రి 10.05

పాతపోస్టాఫీసు గారూ, ఈ ఏడాది నడిచినవాణ్ణి నేను. మా ఇల్లు మురళీనగర్ వైపు, వారానికి రెండు సార్లు ఎక్కుతాను. ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

ఎన్ఏడీ దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. కొండ మొదట్లో వేణుమాధవ స్వామి గుడి. తెల్లవారుజామున ఎక్కేవాళ్లు చాలామంది అక్కడి వరకే వచ్చి, ధార దగ్గర ముఖం కడుక్కుని, కాసేపు కూర్చుని దిగిపోతారు. అందువల్ల అక్కడి వరకు జనం ఉంటారు, చెత్త కూడా ఉంటుంది. పైకి వెళ్లేకొద్దీ రెండూ తగ్గుతాయి.

మెట్లన్నీ ఒక కొలతవి కావు. కొన్ని జానెడు ఎత్తు, కొన్ని మోకాలెత్తు. లెక్క చూసుకుని ఎక్కాలనుకుంటే ఊపిరి అందదు, ఒక్కో మెట్టూ చూసుకుని ఎక్కండి. వానాకాలంలో నీడ పడే మెట్ల మీద పచ్చటి పాకుడు కడుతుంది. నల్లగా కనిపించే తడి రాయి అంత ప్రమాదం కాదు, పచ్చగా పట్టులా మెరిసేది జారుతుంది. అమ్మగారికి ఆ తేడా ముందే చూపించండి. చేతికర్ర తప్పనిసరి. దక్షిణపు వాలు కాబట్టి తొమ్మిది దాటితే ఎండ నేరుగా మాడు మీద పడుతుంది. ఆరున్నరకు మొదలుపెడితే నయం.

శిఖరం మీద ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి. విమానాశ్రయం, మేహాద్రి గెడ్డ జలాశయం, ఓడరేవు క్రేన్లు, వాటి వెనక యారాడ కొండ, ఆ వెనక సముద్రం కనిపిస్తాయి. దాటాక వాలు నీడలో ఉంటుంది. పనస, అనాస తోటలు. తోటల్లో పండు ముట్టుకోవద్దు, వాటికి యజమానులున్నారు. అనాస ఆకు అంచు రంపంలా ఉంటుంది కాబట్టి నిక్కరు కంటే పొడుగు ప్యాంటే మేలు. పంచె సంచిలో పెట్టుకుని గుడి దగ్గర కట్టుకోండి.

మీవాడి వయసు పిల్లలకు గంటన్నర నడక, అమ్మగారితో అయితే రెండున్నర గంటలు అనుకోండి. వాన పడుతుంటే వెళ్లవద్దు. మొదటిసారి ఒంటరిగా కూడా వద్దు, పైన దారి రెండు చోట్ల చీలుతుంది. మీకు అభ్యంతరం లేకపోతే నేనూ వస్తాను.

గెడ్డదాటు | సెప్టెంబరు 8, రాత్రి 10.40

ఫోను మ్యాపులో దారి గీత ఉంది కదా, చీలితే ఏం?

మాధవధార మెట్లు | సెప్టెంబరు 8, రాత్రి 10.52

ఆ గీతను నమ్మి వెళ్తే క్వారీ అంచుకు తేలుతారు.

గెడ్డదాటు | సెప్టెంబరు 8, రాత్రి 11.01

నిజం చెప్పాలంటే నేను తేలాను. అక్కడ కాదు, అనంతగిరి వైపు. గీత ముందుకు పోతోంది, నేల మాత్రం ఆగిపోయింది. అప్పటి నుంచి ఊళ్లో ముసలమ్మ ఎవరైనా కనిపిస్తే అడిగి మరీ కదులుతున్నాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మీరు అడిగించారు.

డాక్టరమ్మ | సెప్టెంబరు 9, మధ్యాహ్నం 1.30

ఓపీ మధ్యలో రాస్తున్నాను, క్లుప్తంగా.

వానల తర్వాత గడ్డి, పొదలు ఉన్న చోట కంటికి ఆనని పురుగు ఒకటి కుడుతుంది. కుట్టినట్టు తెలియదు. వారం, పది రోజులు, ఒక్కోసారి రెండు వారాలు దాటాక గట్టి జ్వరం, తలనొప్పి వస్తాయి. అది స్క్రబ్ టైఫస్ కావచ్చు. ఒంటి మీద, ముఖ్యంగా చంకలో, నడుము దగ్గర, బట్ట బిగుతుగా ఉండే చోట, సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పక్కు ఉందేమో వెతకండి. కొందరిలో అది కనబడదు కూడా. జ్వరం వస్తే డాక్టరుకు ‘ఫలానా రోజున అడవిలో నడిచాం’ అని మీరే చెప్పండి. ఆ ఒక్క మాటతో రోగం త్వరగా పట్టుబడుతుంది, మందు మామూలు యాంటీబయాటిక్కే. గడ్డి మీద నేరుగా కూర్చోవద్దు, దుప్పటి వేసుకోండి. ఇంటికి రాగానే స్నానం, ఆ బట్టలు వేడినీళ్లలో.

పాము కాటు. రక్తపింజర, కట్లపాము రెండూ మన జిల్లాలో ఉన్నాయి. కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ చేయవద్దు. కాలు కదలకుండా మనిషిని పడుకోబెట్టి, 108కి ఫోను చేసి, విషానికి విరుగుడు మందు ఉండే పెద్దాసుపత్రికి. నగరంలో కేజీహెచ్ ఉంది. పామును పట్టుకురానక్కర్లేదు. ఒకాయన డబ్బాలో పెట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు, ఆ రోజు మా నర్సు రాజీనామా చేయబోయింది.

మోకాలికి: దిగేటప్పుడు పక్కవాటుగా, మంచి కాలు పైన ఉంచి, నొప్పి ఉన్న కాలు ముందు కిందికి దించాలి.

నిర్వాహకుడు | సెప్టెంబరు 9, రాత్రి 9.00

కొండ మీద తోటల గుండా పోయే కొత్త బాటల గుర్తులు ఒక సభ్యుడు పెట్టారు, తొలగించాను. అవి ప్రైవేటు తోటలు. మెట్ల దారి గురించి ఎంతైనా మాట్లాడుకోండి.

పాతపోస్టాఫీసు వాసి | సెప్టెంబరు 21, ఉదయం 7.15

రెండు ఆదివారాలు పోయాయి. మొదటిది అల్పపీడనం, రెండోది మావాడికి జలుబు. వ్యాసం గడువు దసరా సెలవుల తర్వాతకు జరిగింది, వాడి అదృష్టం.

పాతపోస్టాఫీసు వాసి | అక్టోబరు 12, రాత్రి 9.10

వెళ్లి వచ్చాం. కాళ్లు పీకుతున్నాయి కానీ రాయకుండా పడుకుంటే పెద్దాయన ఊరుకోరు.

ఆరు గంటలకు బయలుదేరాం. మాధవధార మెట్లు గారు గుడి దగ్గర టార్చి, రెండు వెదురు కర్రలతో నిలబడి ఉన్నారు. చూడని మనిషిని చూడగానే గుర్తుపట్టడం ఇదే మొదటిసారి. అమ్మకు కర్ర ఇస్తే ‘నేనేమైనా ముసలిదాన్నా’ అంది. యాభై మెట్లు ఎక్కాక అడిగి తీసుకుంది.

మావాడు మెట్లు లెక్కపెట్టాడు. 412 దగ్గర ఒక కోతి ఎదురైంది. వాడి చేతిలోని బిస్కెట్టు పొట్లం, బుర్రలోని లెక్క రెండూ దానికే పోయాయి.

ధార గురించి. మూడు రోజుల కింద వాన పడింది కాబట్టి కొంచెం జోరుగానే ఉంది. జోరు అంటే, గెడ్డదాటు గారూ, మీరు చెప్పినంత తక్కువేమీ కాదు, నేను ఊహించినంత ఎక్కువా కాదు. నా రెండు అరచేతులు పక్కపక్కన పెడితే ఎంతో అంత వెడల్పు. చూసి మావాడు ‘ఇంతేనా’ అన్నాడు. నాకూ గుండె జారింది. నేను సమాధానం వెతుక్కునే లోపు వాడే దగ్గరికి వెళ్లి, నీరు రాతి అంచును వదిలే చోట ముక్కు ఆనించేంత దగ్గరగా కూర్చున్నాడు. ‘నాన్నా, వదిలిన చోట గాజులా ఉంది, జానెడు దిగాక తెల్లబడుతోంది’ అన్నాడు. నేనూ వంగి చూశాను. నిజమే. అంచు దగ్గర నీరు కదులుతున్నట్టే ఉండదు. వెనక రాతి మీది నాచు పోగులు ఒక్కొక్కటీ కనిపిస్తాయి. జానెడు దిగేసరికి పొర చిరిగి పూసలవుతుంది, ఇక ఏమీ కనిపించదు. వాడు అక్కడ అడ్డంగా వేలు పెట్టాడు. పొర రెండుగా చీలి, వేలికి కింద మళ్లీ కలిసింది. వేలు తీశాడు, మళ్లీ పెట్టాడు. ఇరవై నిమిషాలు ఇదే పని. అమ్మ వెంట తెచ్చిన మరచెంబులో నీళ్లు పట్టుకుని తల మీద చల్లుకుంది.

పైకి ఎక్కడం అనుకున్నదానికంటే కష్టం. ఎనిమిదిన్నరకే చొక్కాలు పిండుకునేలా చెమట. మెట్లు విరిగిన చోట ఎర్రమట్టి. అక్కడ నేను జారి కూర్చున్నాను, ప్యాంటుకు పడిన ముద్ర రెండు ఉతుకులకూ వదలలేదు. పచ్చపాకుడు కాదు, మామూలు మట్టే. పొన్నంగి గారూ, పిట్ట పేరు తెలియదు కానీ ఒకటి అదే పనిగా రెండు స్వరాలు పలికింది. ఫోనులు జేబుల్లోనే ఉన్నాయి, ఒట్టు.

శిఖరం మీద గాలి చల్లగా తగిలింది. ఓడరేవు చూపించి ‘మన ఇల్లు ఎక్కడుంటుంది’ అంటే మావాడు యారాడ కొండ ముక్కు పట్టుకుని సరిగ్గా చెప్పాడు. మాధవధార మెట్లు గారు వాలు వైపు చూపించి, హుద్‌హుద్ తర్వాత ఈ కొండ గుండు కొట్టించుకున్నట్టు ఉండేదన్నారు. 2014లో ఇదే అక్టోబరు 12న తుపాను తీరం దాటింది. ఆ రోజూ ఆదివారమే. ఆ సంగతి మాలో ఎవరికీ గుర్తు లేదు, ఆయన చెప్పే దాకా. పడిపోయిన చెట్లు దారికి అడ్డంగా ఉండి, నెలల తరబడి ఇటువైపు ఎవరూ దాటలేదట. ఇప్పుడు కొత్త చెట్లన్నీ ఒకే ఎత్తున ఉన్నాయి, ఒకే తరగతి పిల్లల్లా. మధ్యలో అక్కడక్కడ పాత మోడులు.

దిగడంలో అమ్మకు డాక్టరమ్మ గారు చెప్పిన పక్కవాటు నడక బాగా పనికొచ్చింది. కానీ గంట పట్టింది. గుడి చేరేసరికి పదిన్నర. గంగధార దగ్గర కాళ్లు కడుక్కుని పంచె కట్టుకున్నాను. దర్శనం, పులిహోర. అప్పన్న గుడి పడమర ముఖంగా ఉందని ఇన్నిసార్లు వచ్చినా నేను గమనించలేదు, మావాడు నీడ చూసి చెప్పాడు.

ఒప్పుకోవలసింది ఒకటుంది. అడవివరం మెట్ల దారి దిగలేదు. అమ్మ మోకాలు చూసి, దేవస్థానం బస్సులో కిందికి వచ్చాం. భోజనానికి ఒంటిగంటన్నర.

గెడ్డదాటు | అక్టోబరు 12, రాత్రి 9.25

అంటే చుట్టులో మూడో వంతు బస్సు.

ఉక్కునగరం పెద్దాయన | అక్టోబరు 13, ఉదయం 5.10

అరవై మూడేళ్ల తల్లిని కొండ దాటించాడు. నువ్వు రైల్లో కూర్చుని సొరంగాలు లెక్కపెట్టావు. ఊరుకో నాయనా.

బాబూ, హుద్‌హుద్ రోజు నేను క్వార్టర్స్‌లో ఉన్నాను. తెల్లారి చూస్తే ఊరంతా ఆకులు లేని చెట్లే. మీరు చెప్పిన మోడుల్లో పనసలు కూడా ఉండే ఉంటాయి. మా నాయనమ్మ చూపించినవి.

రాతిముక్క | అక్టోబరు 13, ఉదయం 10.00

గార్నెట్లు దొరికాయా?

పాతపోస్టాఫీసు వాసి | అక్టోబరు 13, మధ్యాహ్నం 12.40

మావాడి జేబులో పదకొండు రాళ్లు. వాషింగ్ మెషిన్‌లో వేశాక తెలిసింది. ఆరింట్లో ఎర్రటి గింజలున్నాయి. సాయంత్రం బీచ్‌కు తీసుకెళ్లమంటున్నాడు, ఇసుకతో పోల్చి చూడాలట.

డాక్టరమ్మ | అక్టోబరు 13, మధ్యాహ్నం 1.15

నెలాఖరు దాకా ముగ్గురికీ జ్వరం మీద ఒక కన్నేసి ఉంచండి. భయపెట్టడానికి కాదు, తారీఖు గుర్తుంచుకోవడానికి.

పాతపోస్టాఫీసు వాసి | అక్టోబరు 28, రాత్రి 8.35

జ్వరాలేవీ రాలేదు. వ్యాసం రాశాడు. మొదటి వాక్యం: ‘నేను చూసిన జలపాతం మా నాన్న రెండు చేతులంత ఉంటుంది.’ తర్వాత పేజీన్నర నీటిలో వేలు పెట్టడం గురించే. గుడి గురించి ఒక్క ముక్క రాయలేదని అమ్మకు కోపం. టీచరు కింద ఎర్ర సిరాతో ‘ఎత్తు ఎంత?’ అని రాశారు. ఎవరికైనా కొలత తెలుసా? మావాడికి ఊరికే ఉజ్జాయింపు రాయడం ఇష్టం లేదు.

ఇంకో మాట. అమ్మ మరచెంబు కనబడటం లేదు. ఇత్తడిది, మూత మీద చిన్న సొట్ట ఉంటుంది. ధార దగ్గరే మరిచిపోయి ఉంటుందంటోంది.

మాధవధార మెట్లు | అక్టోబరు 28, రాత్రి 9.20

మరచెంబు గుడిలో ఉంది, పూజారి గారు తీసి లోపల పెట్టారు. ఎవరిదో తెలియక నేనూ అడగలేదు. కొలతకు ఒక పొడవాటి తాడు, దాని చివర కట్టడానికి రాయి తెచ్చుకోమనండి. ఆదివారం ఆరున్నరకు అక్కడే ఉంటాను.

పాతపోస్టాఫీసు వాసి | అక్టోబరు 28, రాత్రి 9.31

తాడు అప్పుడే సంచిలో పడింది. అమ్మ కూడా వస్తుందట. మరచెంబు ఇంకొకరు తెస్తే అది కాదేమో అని అనుమానమట.